మట్టిబండి చెప్పిన ముచ్చట

వినాయక చవితి వెళ్ళిన మర్నాడు మా ఇంట్లో ఓ చిన్న గొడవ జరిగింది. చెబితే నవ్వుతారేమోగానీ, ఆ గొడవకు కారణం గుప్పెడు బంకమట్టి!

పండక్కి విగ్రహం ఇంట్లోనే చేసుకుందామని బజారు నుంచి ఓ ముద్ద మట్టి తెచ్చాం. మా అత్తయ్య చేతిచలవతో బొజ్జ గణపయ్య ముచ్చటగా తయారయ్యాడు. కాస్త మట్టి మిగిలింది. మా ఆరేళ్ళ అమ్మాయి దాన్ని పట్టుకుపోయి బాల్కనీలో కూర్చుంది. గంటసేపు అలికిడి లేదు. ఏం చేస్తోందా అని వెళ్ళి చూద్దును కదా... వంకరటింకరగా ఓ పలక, దాని కింద చీపురుపుల్ల ఇరుసు, దానికి అటొకటీ ఇటొకటీ చక్రాలు. ‘‘అమ్మా, బండి!’’ అంది మొహం వెలిగిపోతుంటే. ‘‘బాగుంది, ముందు చేతులు కడుక్కో’’ అన్నాను.

మర్నాడు ఇల్లు సర్దుతుంటే బాల్కనీలో ఎండకు పగుళ్ళిచ్చిన మట్టిపెళ్ళలు కనిపించాయి. ఒక చక్రం ఊడిపోయింది. పండగ చెత్తతో పాటే దాన్నీ ఊడ్చి బుట్టలో పడేశాను. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్ల బండి కోసం ఇల్లంతా వెతికింది. సంగతి తెలిశాక ఒకటే ఏడుపు. అన్నం కూడా ముట్టలేదు. ‘‘మట్టిదేగా! రేపు బ్యాటరీ కారు కొనిస్తాలే’’ అని బుజ్జగించబోయాను. ‘‘అది నేను చేసింది...’’ అంది వెక్కుతూ. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నిజానికి దానికి కార్లు లేక కాదు. మంచం కింద అట్టపెట్టె నిండా ఉన్నాయి. చక్రం పోయినవీ, బ్యాటరీ అయిపోయినవీ, లైట్లు వెలగనివీ. అవి పాడయినప్పుడు ఒక్కసారీ ఏడవలేదు. రెండురోజులకోసారి కొత్తది అడిగేదంతే. మరి ఈ వంకర బండి కోసం ఎందుకంత ఏడ్చింది?

పత్రికలో పనిచేసేవాళ్ళకు ఓ అలవాటుంటుంది. ఇంట్లో ఓడిపోయిన వాదనకు సమాధానం పుస్తకాల్లో వెతుక్కుంటాం. అలా వెతుకుతూ పోతే ఆ మట్టిబండి నన్ను ఏకంగా నాలుగు వేల ఏళ్ళు వెనక్కి లాక్కెళ్ళింది.

అసలుది పోయింది... బొమ్మ మిగిలింది

హరప్పా, మొహంజొదారో అనగానే మనకు బడిలో చదువుకున్న పాఠం గుర్తొస్తుంది. 1921లో దయారాం సాహ్ని హరప్పాలోనూ, ఆ తర్వాతి ఏడు ఆర్.డి.బెనర్జీ మొహంజొదారోలోనూ తవ్వకాలు మొదలుపెట్టారు. 1924లో జాన్ మార్షల్ ఈ నాగరికత సంగతి లోకానికి చాటారు. మహా స్నానవాటిక, తిన్నని వీధులు, మురుగు కాలువలు, ముద్రికలు... పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టినవి ఇవే. పిల్లల బొమ్మల గురించి పాఠంలో మహా అయితే ఒక్క వాక్యం ఉండేదేమో!

కానీ ఆ పట్టణాల్లో తవ్విన చోటల్లా బొమ్మలే. రెండు చక్రాల మట్టిబండ్లు, వాటికి కట్టే ఎడ్లు, పక్షి ఆకారంలో ఈలలు, లోపల చిన్న మట్టిగుళ్ళు పోసిన గిలక్కాయలు, గోలీలు, పాచికలు. 1935-36లో సింధ్‌లోని చన్హుదారోను తవ్విన ఎర్నెస్ట్ మెకేకి అక్కడా ఈ బండ్లు కనిపించాయి. అటు గుజరాత్‌లోని లోథాల్, ఇటు రాజస్థాన్‌లోని కాలీబంగన్... ఎక్కడ చూసినా మట్టి ఎడ్లబండి ఉండాల్సిందే.

ఇందులో ఓ తమాషా ఉంది. ఆ రోజుల్లో పెద్దవాళ్ళు ధాన్యం తోలుకున్న అసలు బండ్లు చెక్కవి. అవి ఎప్పుడో చివికి మట్టిలో కలిసిపోయాయి. పిల్లలు ఆడుకున్న మట్టిబండ్లు మాత్రం కాల్చినవి కావడంతో చెక్కుచెదరలేదు. నాటి బండి చట్రం ఎలా ఉండేది, చక్రానికి ఆకులుండేవా, లేక గుండ్రటి పలకలా ఉండేదా లాంటి సంగతులు చరిత్రకారులకు చాలావరకు తెలిసింది ఈ బొమ్మల వల్లే. సింధ్ రైతుల బండి వేల ఏళ్ళయినా పెద్దగా మారలేదని గుర్తించిందీ వీటిని చూసే. హరియాణాలోని బనవాలీలో మట్టితో చేసిన నాగలి నమూనా దొరికింది. అప్పటి అసలు నాగలి ఒక్కటీ మిగల్లేదు, దాని రూపురేఖలు మనకు చెప్పింది ఆ నమూనాయే!

పెద్దల లోకమంతా కరిగిపోతే పిల్లల ఆటసామాను సాక్ష్యం చెప్పిందన్నమాట. అది చదివిన రాత్రి మా చెత్తబుట్ట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

తల ఊపే ఎద్దు

ఆ బొమ్మలు చూడ్డానికి మాత్రమే చేసినవి కావు. ఆడటానికి చేసినవి. అందుకే వాటిలో బోలెడు తెలివి కనిపిస్తుంది.

మొహంజొదారోలో దొరికిన ఓ ఎద్దుకు తల విడిగా ఉంటుంది. మెడను బోలుగా ఉన్న ఒంట్లోకి దూర్చి, దారం కట్టి లాగితే ‘సరే సరే’ అన్నట్టు తల ఊపుతుంది. ఇంకో బొమ్మ కోతి. దాని ఒంట్లోంచి దారం పోయేలా రంధ్రం ఉంటుంది. దారాన్ని బిగించి, వదులు చేస్తూ ఉంటే కోతి పైకీ కిందకీ జారుతుంది. కొన్ని జంతువుల కాళ్ళకు అడ్డంగా రంధ్రాలుంటాయి. వాటిలో పుల్ల దూర్చి చక్రాలు తగిలిస్తే బరబరా లాక్కుపోవచ్చు. బ్యాటరీ లేదు, తాళంచెవి లేదు. బొమ్మ కదలాలంటే పిల్లాడి చెయ్యి కదలాల్సిందే.

పాచికల సంగతీ అంతే. మన పాచికలో ఎదురెదురు ముఖాలు కూడితే ఏడు వస్తుంది కదా... మొహంజొదారో పాచికల్లో అలా కాదు. ఒకటికి ఎదురుగా రెండు, మూడుకు ఎదురుగా నాలుగు, అయిదుకు ఎదురుగా ఆరు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్కే రోజర్స్‌డాటర్ మొహంజొదారో ఆటవస్తువుల మీద ప్రత్యేకంగా పరిశోధన చేసి 2011లో సిద్ధాంత గ్రంథం వెలువరించారు. ఆ నగరంలో దొరికిన ప్రతి పది వస్తువుల్లో దాదాపు ఒకటి ఆటకు సంబంధించినదేనట! కొలతలకు, తూకాలకు, శుభ్రతకు పేరుపడ్డ ఆ జనం ఆటనూ అంత శ్రద్ధగానే పట్టించుకున్నారు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నవి మాత్రం అందంగా లేని బొమ్మలు. కొన్ని ఎంత మొరటుగా ఉంటాయంటే... నొక్కి, గిల్లి, సాగదీసి ఎలాగో ఓ జంతువు అనిపించారు. వాటిని పిల్లలే చేసి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. అంటే నాలుగు వేల ఏళ్ళ కిందట కూడా ఎవరో ఓ పిల్ల అరుగు మీద కూర్చుని ‘అమ్మా, బండి!’ అని ఉంటుంది. ఆ తల్లి దాన్ని పారేయకుండా ఆవంలో పెట్టించింది. నేను...

వైద్యుడి మాట

‘మట్టిబొమ్మలంటే పేదవాళ్ళ సరదా, వాటికి పెంపకంలో చోటెక్కడిది’ అనుకునేవాళ్ళకు చరకుడు మంచి సమాధానం. చరక సంహితలోని శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో పసిబిడ్డ ఉండే గది ఎలా ఉండాలి, పక్కబట్టలు ఎలా ఉండాలి అని చెబుతూ ఆటబొమ్మల గురించి కూడా చెప్పారు.

బొమ్మలు రంగురంగుల్లో ఉండాలి. చప్పుడు చేయాలి. చూడ్డానికి ముచ్చటగా ఉండాలి. బరువుగా ఉండకూడదు. మొనలు పదునుగా ఉండకూడదు. నోట్లో పట్టేంత చిన్నవి కాకూడదు. ప్రాణం మీదికి తెచ్చేవీ, బిడ్డను భయపెట్టేవీ అసలే కాకూడదు.

ఇప్పుడు మన దేశంలో బొమ్మల నాణ్యతకు చట్టం ఉంది. 2020లో ఉత్తర్వు తెచ్చారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. పసిపిల్లల బొమ్మలో గొంతులో ఇరుక్కునే చిన్న భాగాలుండకూడదు, అంచులు కోసుకోకూడదు అని పరీక్షిస్తారు. చరకుడు రాసుకున్న జాబితాకూ దీనికీ ఎంత దగ్గరి పోలికో చూడండి!

అక్కడే ఇంకో మంచిమాట ఉంది. బిడ్డ ఏడుస్తోందనో, అన్నం తినట్లేదనో రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టవద్దని. ‘తినకపోతే బూచాడొస్తాడు’ అని గోరుముద్దలు కలిపే మనందరికీ చురకే. బూచాడి కాలం పోయి ఇప్పుడు ముద్దముద్దకూ సెల్‌ఫోన్ చూపిస్తున్నాం. చరకుడు ఉంటే దానికేమనేవాడో!

రోహసేనుడి ఏడుపు

మన సాహిత్యంలో ఓ పిల్లాడు మట్టిబండి కోసం కాదు, మట్టిబండి వద్దని ఏడ్చాడు. పేరు రోహసేనుడు. శూద్రకుడు రాసిన సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’లో చారుదత్తుడి కొడుకు. ఆ పేరుకు అర్థమే ‘చిట్టి మట్టిబండి’.

చారుదత్తుడు దానధర్మాలు చేసి చితికిపోయిన మనిషి. పక్కింటి పిల్లాడి బంగారు బండితో ఆడుకున్న రోహసేనుడు, వాళ్ళు దాన్ని తీసేసుకోగానే గొల్లుమన్నాడు. ఇంట్లో పనిచేసే రదనిక మట్టితో బండి చేసిచ్చింది. నాకిది వద్దు, బంగారుదే కావాలని పేచీ. అప్పుడక్కడే ఉన్న వసంతసేన పిల్లాణ్ణి దగ్గరకు తీసుకుంటుంది. ఈమె ఎవరని అడుగుతాడు వాడు. మీ అమ్మే అంటుంది రదనిక. వాడు నమ్మడు. అమ్మయితే ఒంటి మీద అన్ని నగలెందుకుంటాయన్నది వాడి అనుమానం. పేదింటి పిల్లాడికి తెలిసిన అమ్మ మెడ బోసిగానే ఉంటుంది మరి! వసంతసేన కళ్ళనీళ్ళతో నగలన్నీ ఒలిచి మట్టిబండి నింపేస్తుంది, బంగారు బండి చేయించుకోమని.

కథ అక్కడితో ఆగదు. ఆ నగలే తర్వాత న్యాయస్థానంలో చారుదత్తుడి మీద హత్యానేరానికి సాక్ష్యమై కూర్చుంటాయి. వసంతసేన బతికే ఉందని తేలబట్టి సరిపోయింది కానీ, లేకపోతే ఆయన ప్రాణమే పోయేది. పిల్లాడు మారాం చేశాడని బండి నిండా పోసిన బంగారం ఇంటిని ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చూడండి. నాటకంలో రాజులున్నారు, దొంగలున్నారు, ప్రేమికులున్నారు. కవి మాత్రం వాళ్ళెవరి పేరూ పెట్టలేదు. ఓ పిల్లాడి మట్టిబండి పేరు పెట్టాడు.

పొద్దున దేవుడు... సాయంత్రం ఆటబొమ్మ

తవ్వకాల్లో దొరికిన ప్రతి మట్టిబొమ్మా ఆటకేనా అంటే పండితులు ఒప్పుకోరు. కొన్ని పూజకు చేసినవి కావచ్చంటారు. ఎద్దు బొమ్మ దేవుడా, ఆటవస్తువా అన్న వాదన చాలాకాలంగా ఉంది. నాకు మాత్రం ఛత్తీస్‌గఢ్ పల్లెలు ఈ చిక్కు విప్పేశాయనిపిస్తుంది.

అక్కడ శ్రావణ మాసం చివర్లో, మన లెక్క ప్రకారం పోలాల అమావాస్య నాడే, పోరా పండగ చేసుకుంటారు. కుమ్మరులు కాళ్ళకు చక్రాలు తగిలించే మట్టి ఎద్దులు చేస్తారు. నాందియా బైలా అంటారు వాటిని. ముందు పూజ చేసి నైవేద్యం పెడతారు. ఆ తర్వాత అదే ఎద్దును మగపిల్లలు తాడు కట్టి వీధుల్లో లాక్కుంటూ పరుగులు తీస్తారు. ఆడపిల్లలకు మట్టి తిరగలి, పొయ్యి, గిన్నెలు ఇస్తారు. పొద్దున దేవుడైనది సాయంత్రానికి ఆటబొమ్మ! హరప్పాలోనూ ఇలాగే జరిగి ఉండొచ్చు కదా.

కోస్తా జిల్లాల్లో అదే అమావాస్య నాడు తల్లులు కందమొక్కకు పూజ చేసి, పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుకుంటారు. అక్కడ పిల్లల చేతికి ఎద్దు, ఇక్కడ పిల్లల కోసం నోము. కర్ణాటకలో జ్యేష్ఠ అమావాస్యకు మట్టెద్దులు చేసి పూజిస్తారు. దాని పేరే మణ్ణెత్తిన అమావాస్య. సరిహద్దునే ఉన్న మన కర్నూలు ప్రాంతపు పల్లెల్లోనూ ఆ ఆచారం ఉంది.

మన నేల మీద కూడా మట్టిబొమ్మల చరిత్ర తక్కువేం కాదు. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940ల్లో హైదరాబాద్ రాజ్యపు పురావస్తు శాఖ తవ్వితే శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. అక్కడ కేయోలిన్ అనే తెల్లమట్టితో చేసిన మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలు దొరికాయి. ముందువైపు ఒక అచ్చు, వెనకవైపు ఒక అచ్చు తీసి రెండూ అతికించేవారు. లోపల బోలు కాబట్టి తేలిగ్గా ఉండేవి. ‘బరువుండకూడదు’ అన్న చరకుడి మాట మన కుమ్మరులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది!

ఇక మాటల్లోకి వస్తే... గుజ్జనగూళ్ళు, బొమ్మరిల్లు, బొమ్మల పెళ్ళి, లక్కపిడతలు. పిల్లలు ఉత్తుత్తి వంట చేయడానికి ఒక ప్రత్యేకమైన పేరున్న భాష మనది. పిడతలో ఇసుక పోసి అన్నమని, ఆకులు తుంచి కూరని వడ్డించిన ప్రతి చెయ్యీ ఆ ఆటలోనే పంచిపెట్టడం నేర్చుకుంది. ‘నీకింకాస్త వెయ్యనా వదినా’ అని అడిగిన అయిదేళ్ళ పిల్లకు మర్యాద ఎవరు నేర్పారు? ఖాళీ పిడతే నేర్పింది.

మట్టి నేర్పే పాఠం

మా ఇంటి గొడవ రెండోరోజుకు అత్తయ్య దగ్గర తేలింది. ఆవిడ పుట్టింటి వీధి చివరే కుమ్మరి ఇల్లు ఉండేదట. ‘‘ఎండలో పెట్టిందమ్మా పిల్ల, అందుకే పగిలింది. మట్టిని నీడన ఆరబెట్టాలి. తొందరపడితే నెర్రెలిస్తుంది’’ అన్నారు. మట్టి పిసికేటప్పుడు లోపల గాలి లేకుండా చూడాలనీ, తడి మిగిలితే ఆవంలో ఠాప్‌మని పేలుతుందనీ, కాస్త సన్న ఇసుక కలిపితే పగుళ్ళు తగ్గుతాయనీ ఏకరువు పెట్టారు. ‘‘కాల్చని బండి విరిగితే ఏడవడమెందుకే! నీళ్ళలో నానేస్తే మళ్ళీ ముద్దవుతుంది, మళ్ళీ చేసుకోవచ్చు’’ అని మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

అప్పుడర్థమైంది నాకు. ప్లాస్టిక్ కారు పాడయితే చెత్తే. మళ్ళీ డబ్బు పెట్టాల్సిందే. మట్టిబండి విరిగితే మళ్ళీ మట్టే. పాడవటం, బాగుచేసుకోవటం రెండూ పిల్లల చేతిలోనే ఉంటాయి. పైగా పడేస్తే పగులుతుందని తెలుసు కాబట్టి బొమ్మను దింపేటప్పుడు చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అన్నారు పెద్దలు. చేయడానికి ఎంత కాలం పడుతుందో, పగలగొట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలిసిన పిల్ల, ఎదుటివాళ్ళ వస్తువునూ జాగ్రత్తగానే పట్టుకుంటుంది. ఒట్టి ఉపన్యాసాలతో ఇది వస్తుందా?

అలాగని పాతదంతా బంగారమనీ, ప్లాస్టిక్ బొమ్మలన్నీ బయట పారేయమనీ అనను. మా ఇంట్లోనే పెట్టెడున్నాయి! మట్టిబొమ్మకూ జాగ్రత్తలున్నాయి. మూడేళ్ళలోపు పిల్లలకు పగిలే బొమ్మ ఇవ్వకూడదు, పెంకు గుచ్చుకుంటుంది. మెరిసిపోయే రంగులేసిన బొమ్మ కొనేటప్పుడు అది ఏ రంగో అడగాలి. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. రంగుల్లేని ఎర్రమట్టి బొమ్మే మేలు. మీ ఊళ్ళో సారె తిరిగే ఇల్లు ఇంకా ఉంటే ఈసారి ప్రమిదలతో పాటు రెండు పిడతలు, ఓ గుర్రం కూడా చేసిపెట్టమనండి. అడిగేవాళ్ళుంటే చేసేవాళ్ళుంటారు.

కిందటి ఆదివారం బాల్కనీలో పాత దుప్పటి పరిచి ముగ్గురం కూర్చున్నాం. అత్తయ్య మట్టి పిసికారు. మా అమ్మాయి బండి చేసింది. నేనూ ఒకటి చేశాను. డిప్లొమాలు చదివి, నాలుగు వేల ఏళ్ళ బండ్ల గురించి ఇన్ని పేజీలు తిరగేసిన నా బండి చక్రం మాత్రం గుండ్రంగా రాలేదు. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఫరవాలేదులే అమ్మా, ముందు చేతులు కడుక్కో’’ అంది.

రెండు బండ్లూ నాలుగు రోజులు నీడన ఆరాయి. ఈసారి పగుళ్ళు రాలేదు. ఇప్పుడు టీవీ పక్కన అరలో ఉన్నాయి. ఆ అర తుడిచే పని నాదే. చాలా నెమ్మదిగా తుడుస్తున్నాను.